మహమ్మారి మిగిల్చినవారు

లోకము నశించుట కథలలో క్రొత్త విషయము కాదు. మన పురాణములలో ప్రళయములు కలవు; ప్రళయజలములపై నావలో మిగిలిన మనువు కలడు. ఇతర దేశస్థుల గాథలలోను జలప్రళయములు, వానినుండి బయటపడిన కొలదిమంది పుణ్యాత్ములు కానవత్తురు. అయితే ఆ కథలన్నిటియందును నాశము పైనుండి వచ్చును. మిగులవలసినవారిని ఎన్నుకొనుటయు పైనుండియే జరుగును. మనుష్యుడే తన చేతులతో ప్రళయమును తయారుచేసి, సీసాలో భద్రపరచి, ఒకనాడు దానిని జారవిడుచుట మాత్రము ఇరువదవ శతాబ్ది కల్పించిన కథ. ఆ కథను వెండితెరపై పెద్దయెత్తున చెప్పినవారిలో జపానువారు ముఖ్యులు. 1980 జూన్ నెలలో ఆ దేశమున విడుదలైన 'ఫుక్కత్సు నో హి' అను చిత్రమును గూర్చియు, దాని వెనుకను ముందును ఉన్న చరిత్రను గూర్చియు ఈ ప్రసంగమున ముచ్చటింప దలచితిమి. ఆ పేరునకు 'పునరుత్థాన దినము' అని యర్థము. విదేశములలో అది 'వైరస్' అను పేర ప్రదర్శింపబడినది.

చరిత్ర ప్రసంగముల వరుసలోనికి కల్పనా చిత్రమును ఎందులకు తెచ్చితిరని శ్రోతలు అడుగవచ్చును. అందులకు కారణములు రెండు. ఆ కథలోని ముఖ్యఘట్టములలో పెక్కింటికి చరిత్రలో నిజమైన జత కలదు. కొన్ని చిత్రమునకు ముందు జరిగినవి, కొన్ని పిదప జరిగినవి. ఇది మొదటి కారణము. రెండవది మా వృత్తికి సంబంధించినది. 2020 మార్చి చివర దేశమంతట జనులు ఇండ్లకు కట్టుబడినపుడు, ప్రసారము మాత్రము ఆగలేదు. రాత్రివేళ ప్రసారపు గదిలో మేము, అద్దమునకు ఆవల ఒక ఇంజనీరు, అంతే. ఆ రోజులలో ఒక వృద్ధురాలు టెలిఫోను చేసి, వార్తలు తనకు అక్కరలేదనియు, ఇంటిలో మనుష్యుని గొంతు వినబడిన చాలుననియు చెప్పినది. ఎప్పుడో చూచిన ఈ జపాను చిత్రములోని ఒక ఘట్టము ఆ రాత్రి మాకు జ్ఞప్తికి వచ్చినది. అది ఏ ఘట్టమో క్రమముగా చెప్పెదము.

చిత్రకథ 1982వ సంవత్సరమున జరిగినట్లు కల్పింపబడినది. అమెరికా సైనిక పరిశోధనలలో ఎం. ఎం. 88 అను వైరస్ పుట్టును. దాని స్వభావము విచిత్రమైనది. దేహములో నున్న యితర వైరస్సుల బలమును అది పలురెట్లు పెంచును. కావున మామూలు పడిసెము కూడ ప్రాణాంతకమగును. దొంగిలింపబడిన ఆ వైరస్‌ను మోసుకొనిపోవు చిన్న విమానము ఆల్ప్స్ పర్వతములలో కూలును. మంచులో నిద్రించిన విషము వసంతము రాగానే మేల్కొనును. మొదట ఇటలీలో కనబడుటచే లోకులు దానికి 'ఇటాలియన్ ఫ్లూ' అని పేరు పెట్టుదురు. కొలది మాసములలో ఆసుపత్రులు నిండును. పిదప వీధులు నిండును. పిమ్మట వీధులు ఖాళీయగును. ఒక్కొక్క రాజధాని మూగవోవును. ఏమి జరిగినదో ఎరిగినవారు ఎక్కువమందికి చెప్పకయే చనిపోవుదురు.

అయితే ఆ వైరస్ సున్నకు దిగువ 10 డిగ్రీలను మించిన చలిలో పనిచేయలేదు. కావున దక్షిణధ్రువ ఖండమైన అంటార్కిటికాలో పరిశోధనకై వెళ్లిన పలుదేశములవారు మాత్రము మిగులుదురు. వారు 855 మంది పురుషులు, 8 మంది స్త్రీలు, మొత్తము 863. భూగోళముపై మానవజాతి యనగా ఇక వారే. అమెరికా అధ్యక్షుడు తన చివరి గంటలలో వారితో రేడియోలో మాటలాడి, ఆ మంచును విడిచి రావద్దని హెచ్చరించును. వారు దేశభేదములు మాని ఒక సభగా ఏర్పడుదురు. ఏ దేశమునుండియు ఆజ్ఞలు రావు. ఏ దేశమునకును నివేదికలు పంపవలసిన పని లేదు. జెండాలు మాత్రము ఎగురుచుండును.

ఇక ఆ ఘట్టము. జపానువారి స్థావరములో వైర్‌లెస్ యంత్రము చుట్టు అందరును గుమిగూడి యుందురు. ఎక్కడనో అమెరికా దేశమునుండి ఒక పసిబాలుని గొంతు వినవచ్చును. తండ్రి యంత్రమును వాడు కదిలించినాడు. ఇంటిలో పెద్దలెవరును పలుకుట లేదు. ఎవరైన మాటలాడుడని వేడుకొనుచున్నాడు. ఈవలివారు బదులు చెప్పుదురు, కేకలు వేయుదురు. వానికి వినబడదు. ఏలన, అట్టి యంత్రములలో మాటలాడునపుడు మీట నొక్కవలెను, వినునపుడు వదలవలెను. వాడు మీట నొక్కియే యుంచినాడు. వదలుమని చెప్పుటకు ఇటువారికి మార్గము లేదు. వదలిన గాని ఆ మాట వానికి చేరదు. కొంతసేపటికి తుపాకి శబ్దము వినవచ్చును. తరువాత నిశ్శబ్దము.

రేడియోను జీవనముగా చేసికొన్న మాబోటివారు ఈ ఘట్టమును తేలికగా మరువలేరు. అందులో భయంకరమైనది శవరాశి కాదు. ఒక గొంతు, దానికి బదులు చెప్పగోరు పదిమంది, నడుమ ఒక చిన్న మీట. ఈ ప్రసంగము ముగియులోపల ఈ మీటను మరల తలచుకొనవలసి వచ్చును.

మిగిలినవారి జీవనము సుఖమైనది కాదు. రోగగ్రస్తులైన నావికులతో ఒక సోవియట్ జలాంతర్గామి ఒడ్డునకు వచ్చి, ప్రాణభిక్ష కోరును. వారిని రానిచ్చిన అందరును చత్తురు. చివరకు రోగము సోకని బ్రిటిష్ జలాంతర్గామి ఒకటి దానిని ముంచివేయును. ఆ బ్రిటిష్‌వారికి మాత్రము ఒడ్డున చోటు లభించును. తలుపు మూసికొనుట తప్పదని చిత్రము చెప్పును గాని, మూసినవారిని వీరులుగా చూపదు. ఇక స్త్రీలు ఎనమండుగురే యగుటచే, జాతి నిలుచుటకు వారి జీవితములెట్లుండవలెనో సభ నిర్ణయింపబూనును. ఆ ఎనమండుగురి అభీష్టముకన్న సంతతియే ముఖ్యమన్న ఆ తీర్మానము నేటి ప్రేక్షకునకు రుచింపదు, రుచింపరాదు కూడ. ఆపద వచ్చినపుడు మొదట కుదించుకొనిపోవునది ఎవరి స్వేచ్ఛయో ఆ ఘట్టము చూపుచున్నది. దర్శకుడు ఉద్దేశించినాడో లేదో గాని, చరిత్ర చదివినవారికి ఇది తెలిసిన సంగతియే.

తుదకు మరియొక ఆపద వచ్చును. అమెరికా తూర్పుతీరమున భూకంపము రానున్నదని యోషిజుమి అను జపాను శాస్త్రజ్ఞుడు గుర్తించును. వాషింగ్టనులో మనుష్యులు లేకున్నను, వారు అమర్చి విడిచిన యంత్రము సజీవముగనే యున్నది. భూమి కదలగానే శత్రువు దాడి చేసెనని తలచి అది క్షిపణులను విడుచును. అవతలి దేశపు యంత్రము బదులిచ్చును. అందులో ఒక క్షిపణి గురి అంటార్కిటికాపై నున్నది. యోషిజుమియు ఒక అమెరికను సైనికోద్యోగియు ఆ యంత్రమును ఆపుటకై పోవుదురు గాని ఆలస్యమగును. లోకము రెండవమారు చచ్చును. ఇంకను పరీక్షింపబడని టీకాను వేయించుకొనియున్న యోషిజుమి బ్రతికి, ఉత్తర అమెరికానుండి దక్షిణ అమెరికా కొనవరకు కాలినడకన ఏండ్ల తరబడి నడచి, అచట మిగిలిన కొలదిమందిని కలిసికొనును. ఇదియే పునరుత్థానము.

ఈ కథకు మూలము కొమత్సు సక్యో 1964లో వ్రాసిన నవల. ఆయన 1931లో ఒసాకా నగరమున జన్మించి, క్యోటో విశ్వవిద్యాలయములో ఇటాలియను సాహిత్యము చదివి, విజ్ఞాన కల్పనా రచయితగా ప్రసిద్ధి చెందెను. జపాను దేశమే సముద్రములో మునిగిపోవుటను వర్ణించిన 1973 నాటి నవల ఆయనకు మరింత కీర్తి తెచ్చినది. 2011లో మరణించెను. చిత్ర దర్శకుడు ఫుకసాకు కింజి 1930లో జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధము ముగియు సంవత్సరమున ఆయన ఆయుధ కర్మాగారములో పనిచేయుచున్న 15 ఏండ్ల బాలుడు. ఆ కర్మాగారముపై దాడి జరిగినపుడు తోడిబాలురు పలువురు చనిపోగా, ఆ శవములను ఎత్తివేయు పని మిగిలిన బాలురపై పడినది. మిగులుట యననేమో ఆయన పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు. 2003లో ఆయన మరణించెను.

నవల వ్రాయబడిన కాలమును చూచిన దాని పుట్టుక తెలియును. 1957లో ఆసియా ఫ్లూ అనబడిన ఇన్‌ఫ్లుయెంజా దక్షిణ చైనానుండి బయలుదేరి హాంకాంగ్, సింగపూరుల మీదుగా లోకమంతటికి ప్రాకినది. ఆ మే నెలలో సింగపూరునుండి మద్రాసు రేవునకు వచ్చిన 'రజులా' అను ఓడలో రోగులుండిరి. మన దేశమునకు ఆ వ్యాధి అట్లు దిగినది. ఆ ఓడ ఆ దారిలో రాకపోకలు సాగించు ప్రయాణికుల ఓడ. కడలి దాటి బ్రతుకుతెరువునకు పోయిన దక్షిణాదివారు ఎందరో అట్టి ఓడలలోనే పోయి వచ్చుచుండిరి. ప్రపంచమంతట ఆ మహమ్మారికి బలియైనవారు 10 లక్షలకు తక్కువ కారని అంచనా. అయిదేండ్ల తరువాత, 1962 అక్టోబరులో, క్యూబా విషయమై అమెరికా సోవియట్ దేశములు అణుయుద్ధపు అంచువరకు పోయి తిరిగివచ్చినవి. మహమ్మారి, అణ్వస్త్రము: కొమత్సు ఈ రెండు భయములను ఒకే కథలో కూర్చెను.

ఆశకు ఆధారముగా ఆయన ఎన్నుకొన్న చోటు కూడ ఆ కాలము ఇచ్చినదే. 1957–58లో జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమున పలుదేశముల శాస్త్రజ్ఞులు అంటార్కిటికాలో స్థావరములు నెలకొల్పిరి. జపానువారి షోవా స్థావరము 1957 జనవరిలో వెలసినది. ఓడిన దేశమై, లోకము ముందు తల వంచుకొనియున్న జపానుకు అది గౌరవము తిరిగివచ్చిన దినము. 1959 డిసెంబరు 1వ తేదీన 12 దేశములు అంటార్కిటికా ఒడంబడికపై సంతకము చేసినవి; 1961లో అది అమలులోనికి వచ్చినది. అందులో అమెరికాయు సోవియట్ దేశమును పక్కపక్కన చేరినవి. ఆ ఖండమున సైనిక చర్యలు కూడవు, అణువిస్ఫోటనములు కూడవు, శాస్త్రము అందరిది. భూమిపై వైరము మాని కలిసియుండుటకు మనుష్యులు అప్పటికే వ్రాతపూర్వకముగా అంగీకరించిన చోటు అదియొక్కటే. అందులకే కొమత్సు తన 863 మందిని అచట నిలిపెననుకొందుము.

చిత్రనిర్మాణము కూడ ఒక సాహసయాత్ర. నిర్మాత కదోకావా హరుకి అంతవరకు జపానులో ఏ చిత్రమునకును కానంత వ్యయము దీనికి చేసెను. అమెరికా నటులు గ్లెన్ ఫోర్డ్, జార్జ్ కెనెడీ, ఆంగ్లనటి ఒలీవియా హస్సీ మున్నగువారు జపాను నటుడు కుసకారి మసావోతో కలిసి నటించిరి. అంటార్కిటికాలోనే చిత్రీకరణము సాగినది. చిలీ నౌకాదళము తన జలాంతర్గామిని ఇచ్చి తోడ్పడినది. చిత్రబృందము ప్రయాణించిన ఓడ రాతికి తగిలి చిక్కుకొనగా, వారిని కాపాడినదియు చిలీ నౌకాదళమే. జపానులో 156 నిమిషములు నడచిన చిత్రమును విదేశములకై 108 నిమిషములకు కత్తిరించిరి. అట్లు కుదించిన దానిని చూచినవారికి దీని గాంభీర్యము పూర్తిగా తెలిసియుండదు.

ఇక చిత్రము ముందుంచిన మొదటి ప్రశ్నకు వత్తము. ప్రయోగశాలలోనుండి రోగము తప్పించుకొని వచ్చుట సాధ్యమా? చిత్రము వెలువడిన నాటికే చరిత్ర బదులు చెప్పియుండెను. 1969లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తమ దేశపు దాడికి ఉద్దేశించిన జీవాయుధ పరిశోధనలను మాన్పించెను. జీవాయుధములను నిషేధించు ఒడంబడిక 1972లో సంతకములకై వచ్చి, 1975లో అమలైనది. సోవియట్ దేశము దానికి అంగీకరించియు రహస్యముగా పని సాగించినది. 1979 ఏప్రిలులో స్వెర్డ్‌లోవ్‌స్క్ నగరమున ఒక సైనిక కర్మాగారమునుండి ఆంత్రాక్స్ బీజములు గాలిలోనికి వెలువడి, కనీసము 66 మంది ప్రాణములు గొన్నవి. చెడిన మాంసము తినుటచే చచ్చిరని అధికారులు ఏండ్ల తరబడి చెప్పిరి. 1992లో గాని రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ సత్యమును ఒప్పుకొనలేదు.

మశూచి కథ ఇంకను ముచ్చటైనది, ఇంకను విషాదకరమైనది. మన దేశమున చివరి మశూచి రోగి 1975 మే నెలలో కనబడెను. లోకమున సహజముగా సోకిన చివరి మశూచి 1977 అక్టోబరులో సోమాలియాలో నమోదైనది. ఆ రోగి బ్రతికెను. లోకము నిట్టూర్పు విడిచిన మరు సంవత్సరముననే, 1978లో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ప్రయోగశాల యున్న భవనములో పనిచేయు ఒక స్త్రీకి మశూచి సోకి ఆమె మరణించెను. 1980 మే 8వ తేదీన ప్రపంచ ఆరోగ్యసభ మశూచి నిర్మూలనమైనదని ప్రకటించెను. ఆ మరుసటి నెలలోనే ఈ చిత్రము విడుదలయ్యెను. మానవుడు ఒక మహమ్మారిని భూమిపైనుండి తుడిచివేసిన వేసవిలోనే, మానవుడు మహమ్మారిని సృష్టించుటను జపాను ప్రేక్షకులు తెరపై చూచిరి. రెండును ఒకే విజ్ఞానపు రెండు చేతులు.

రెండవ ప్రశ్న చలిని గూర్చినది. మంచు మనలను కాపాడునా? ఈ విషయమున చిత్రము కల్పనయే గాని శాస్త్రము కాదు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ఆ ఏట నవంబరులో అలాస్కాలోని నేటి బ్రెవిగ్ మిషన్ అను చిన్న పల్లెకు చేరినది. అచటి 80 మంది పెద్దవారిలో 72 మంది కొలది దినములలో మరణించిరి. కెనడాకు తూర్పున లాబ్రడారు తీరమున ఓకక్ అను పల్లెలో 263 మందిలో 204 మంది పోయిరి. చలి వారిని కాపాడలేదు. చలి కాపాడినది వైరస్ ఆనవాలును. బ్రెవిగ్‌లో గడ్డకట్టిన నేలలో పూడ్చబడిన శవములనుండి దానిని వెదకుటకు యోహాన్ హుల్టిన్ అను వైద్యుడు 1951లో యత్నించి విఫలుడయ్యెను. 46 ఏండ్ల పిదప, 72 ఏండ్ల వయస్సున, 1997లో మరల పోయి, ఆ పల్లెవారి అనుమతి పొంది, ఒక స్త్రీ ఊపిరితిత్తుల నమూనాను తెచ్చెను. అట్టి నమూనాలతో టావ్‌బెన్‌బర్గర్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఆ వైరస్ జన్యువుల పూర్తి క్రమమును 2005 నాటికి చదివిరి.

మరి మనుష్యులను కాపాడినదేమి? దానికి బదులు పసిఫిక్ మహాసముద్రములోని సమోవా ద్వీపములు చెప్పును. ఒకే జాతి, ఒకే భాష, ఒకే ఆచారములు గల ఆ ద్వీపములు 1918లో రెండు పాలనల క్రింద నుండెను. పశ్చిమ సమోవా న్యూజీలండు అధీనము. తూర్పు సమోవా అమెరికా నౌకాదళపు అధీనము. 1918 నవంబరు 7వ తేదీన ఆక్లండునుండి బయలుదేరిన 'తలూనే' అను ఓడ రోగులతో పశ్చిమ సమోవాలోని ఆపియా రేవునకు వచ్చినది. ఆపువారు లేరైరి. ప్రయాణికులు దిగి తమ తమ పల్లెలకు పోయిరి. రెండు మాసములలో సుమారు 8,500 మంది, అనగా జనాభాలో అయిదింట ఒక వంతుకు మించి, మరణించిరి. వంట చేయువారు లేక, నీరు ఇచ్చువారు లేక చనిపోయినవారును అందులో కలరు. పల్లె పెద్దలు, ఉపదేశకులు, కథలు ఎరిగిన వృద్ధులు ఒక్కమారుగా పోవుటచే ఆ జాతి జ్ఞాపకశక్తియే దెబ్బతిన్నది.

తూర్పు సమోవాలో ఒక్కరును చనిపోలేదు. అచటి గవర్నరు జాన్ పోయర్ లోకమున వ్యాధి వ్యాపించుచున్నదని వైర్‌లెస్ వార్తల వలన తెలిసికొని, వెంటనే రేవులకు కట్టుదిట్టములు చేసెను. వచ్చిన ఓడలను దూరముగా నిలిపెను. ద్వీపవాసులే తీరములను కాచిరి. పొరుగున జనులు చచ్చుచున్నారని తెలిసి ఆయన సాయము చేయుదునని వర్తమానము పంపెను. పశ్చిమ సమోవా పాలకుడు లోగన్ దానిని స్వీకరింపలేదు. పొరుగు ద్వీపమున వైద్యులు సిద్ధముగా నున్నను, ఆపియాలో జనులు ఆదుకొనువారు లేక మరణించిరి. ఆ దుఃఖమును సమోవావారు మరువలేదు. న్యూజీలండు పాలనపై తరువాత సాగిన ఉద్యమమునకు అది ఒక కారణమైనది. 1962లో ఆ దేశము స్వతంత్రమైనది. 2002లో న్యూజీలండు ప్రధాని హెలెన్ క్లార్క్ ఆపియాకు పోయి ఆ తప్పునకు క్షమాపణ చెప్పెను. అప్పటికి 84 ఏండ్లు గడచినవి.

ఇచటనే మనము ఆ మీటను మరల తలచుకొనవలెను. పోయర్ విన్నాడు, ద్వీపము మిగిలినది. లోగన్ వినలేదు, అయిదింట ఒక వంతు పోయినది. చిత్రములోని పసివానికి మీట వదలుట తెలియదు. తెలిసిన పెద్దవాడు మీట వదలకుండుట ఇంకను ఘోరము. తలుపు మూసికొనుట వేరు, చెవులు మూసికొనుట వేరు. పోయర్ తలుపు మూసియు చెవి తెరచియుంచెను. చిత్రములో సోవియట్ జలాంతర్గామిని ముంచినవారి యెదుట నున్న చిక్కు ఆయన యెదుటను ఉన్నదే. దూరముగా నిలిపియు సాయమందించు మార్గము వెదకుటయే ఆయన చూపిన దారి.

మన దేశపు సంగతి చెప్పక విడువరాదు. 1918 జూన్‌లో బొంబాయిలో కనబడిన ఇన్‌ఫ్లుయెంజా ఆ శరదృతువున దేశమంతట విజృంభించినది. చనిపోయినవారు 1 కోటి 20 లక్షలనుండి 1 కోటి 80 లక్షల వరకు ఉందురని చరిత్రకారుల అంచనాలు. జనాభా లెక్కలు మొదలైన నాటినుండి మన దేశ జనసంఖ్య తగ్గిన దశాబ్ది 1911–1921 ఒక్కటే. హిందీ మహాకవి నిరాలా తన భార్యను, కుటుంబములో పలువురిని ఆ రోజులలో కోల్పోయి, గంగానది శవములతో నిండుట చూచి, తరువాత దానిని వ్రాసెను. అట్లు వ్రాసినవారు బహు కొలదిమంది. కోటికి మించిన మృతులకు మన ఊళ్లలో స్మారకస్తంభమన్నది కనరాదు. ఇంటిలో ముత్తవ్వ మాటలలో 'ఆ జ్వరము వచ్చిన యేడు' అను ఒక్క మాటయే పెక్కు కుటుంబములలో మిగిలినది. మిగిలినవారు చెప్పలేదు, చెప్పినపుడు అడిగినవారు లేరు. మహమ్మారి చరిత్ర తరుచుగా ఇట్లే రెండవమారు చచ్చును.

తుదకు అంటార్కిటికా విషయమున చరిత్ర ఆడిన ఒక వింతను చెప్పి ముగింతము. చిత్రకథలో లోకము నశించిన 1982వ సంవత్సరముననే, జనవరి 9వ తేదీన, డాక్టర్ ఖాసిం నాయకత్వమున భారతీయుల మొదటి దండయాత్ర, కాదు, మొదటి శాస్త్రయాత్ర ఆ ఖండమున అడుగిడినది. నాటినుండి మనవారును ఆ మంచులో నివసించుచున్నారు. 1989లో వెలసిన మైత్రి స్థావరమును, 2012లో వెలసిన భారతి స్థావరమును మనవే. 2020లో కోవిడ్ లోకమును చుట్టినపుడు, ఏడు ఖండములలో అంటార్కిటికా ఒక్కటే చాలకాలము నిర్మలముగా నుండెను. కొమత్సు ఊహ నిజమైనదనిపించినది. అయితే ఆ ఏట డిసెంబరులో అచటి చిలీవారి బెర్నార్డో ఓహిగ్గిన్స్ స్థావరములో 36 మందికి వ్యాధి సోకెను. నలుబది ఏండ్ల క్రిందట చిత్రమునకు జలాంతర్గామిని ఇచ్చిన దేశపు స్థావరమునకే అది మొదట చేరుట కేవలము యాదృచ్ఛికము. కాని ఆ యాదృచ్ఛికమున ఒక పాఠము కలదు. ఓడ పోగల చోటికి రోగమును పోగలదు. మనుష్యులకు దూరముగా మిగిలియుండు చోటు భూమిపై ఇక లేదు.

అందుచే మిగులుట యనగా ఎక్కడనో మిగులుట కాదు, ఒకరికొకరు మిగులుట. 2020లో టెలిఫోను చేసిన ఆ వృద్ధురాలు మరల కొన్ని దినములు చేసెను. ఒకనాడు ఆమె పాట కోరలేదు, వార్త కోరలేదు. మీరు భోజనము చేసితిరా, నాయనా, అని మమ్ములనే అడిగెను. ప్రసారకులమైన మేము నిత్యము మాటలాడువారము. మా చేతులు ఎల్లపుడు మీట నొక్కియే యుండును. ఆ రాత్రి క్షణకాలము మీట వదలితిమి. ఆవలనుండి గొంతు వినవచ్చినది. ఇంటింట రేడియో పెట్టెను ముందుంచుకొని వినుచున్న శ్రోతలు కూడ, తమ వీధిలో ఎవరి గొంతు చాలదినములుగా వినరాలేదో ఒకమారు తలచుకొందురని ఆశించుచు ఈ ప్రసంగమును ముగించుచున్నాము.